సందేహాలు – సమాధానాలు: గాలిలో పేలిన హైడ్రోజన్ బాంబులు, మన చెరువుల్లో పూడిక

గాలిలో జరిపిన అణుపరీక్షల గురించి పోయిన సంచికలో నాలుగు ముక్కలు రాశాం. 1945 నుంచి 1980 వరకు భూమి పైన, నీటి మీద, ఆకాశంలో కలిపి 543 పరీక్షలు జరిగాయని, వాటి మొత్తం శక్తి 440 మెగాటన్నులని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ సంఘం వేసిన లెక్కను అందులో ఇచ్చాం. దాని మీద కర్నూలు, అనంతపురం, కడప వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే ప్రశ్న అడిగినవాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: అణుబాంబుకీ హైడ్రోజన్ బాంబుకీ తేడా ఏమిటి? హిరోషిమా దుమ్ము ప్రపంచమంతా తిరగలేదు గానీ హైడ్రోజన్ బాంబు దుమ్ము తిరిగిందంటారు. నిజమేనా? – ఒక ఇంటర్ విద్యార్థి, గుంతకల్లు

అణుబాంబులో యురేనియం, ప్లుటోనియం లాంటి బరువైన కేంద్రకాలు చీలతాయి. దీన్ని విచ్ఛిత్తి అంటారు. హైడ్రోజన్ బాంబులో ముందు ఒక అణుబాంబు పేలుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి హైడ్రోజన్ జాతి తేలిక కేంద్రకాలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇది సంలీనం. మొదటిరకం శక్తిని కిలోటన్నుల్లో చెబుతారు, రెండోరకం మెగాటన్నుల్లోకి వెళ్తుంది. మెగాటన్ను అంటే పది లక్షల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థం పేలినంత.

1952 నవంబరు 1న పసిఫిక్ సముద్రంలోని ఎనివెటాక్ దీవుల్లో అమెరికా పేల్చిన ‘మైక్’ ఈ రకంలో మొదటిది. దాని శక్తి 10.4 మెగాటన్నులు. ద్రవ డ్యూటీరియాన్ని (ఒక రకం బరువైన హైడ్రోజన్) అతిశీతలంగా ఉంచే యంత్రాలతో కలిపి అదొక భవనమంత ఉండేది, విమానంలో మోసుకెళ్ళే వీలే లేదు. ఎలుగెలాబ్ అనే దీవి ఆ పేలుడుతో పటంలోంచి మాయమైంది. ఆ మేఘంలోంచి తెచ్చిన ధూళిలోనే ఐన్‌స్టీనియం, ఫెర్మియం అనే రెండు కొత్త మూలకాలు బయటపడ్డాయి. ఆ ధూళి పట్టడానికి మేఘంలోకి వెళ్ళిన విమానాల్లో ఒకటి తిరుగు దారిలో సముద్రంలో కూలి, పైలట్ చనిపోయాడు. ఆవర్తన పట్టికలో 99, 100 సంఖ్యలు చదివే పిల్లలకు ఈ సంగతి కూడా చెప్పాలని మా కోరిక.

మీ రెండో ప్రశ్నకు జవాబు ఎత్తులో ఉంది. కిలోటన్నుల పేలుడు మేఘం చాలావరకు వానలు పుట్టే పొరలోనే ఆగుతుంది, కొన్ని వారాల్లో వానతోపాటు దిగిపోతుంది. మెగాటన్నుల మేఘం ఆ పొరను చీల్చుకుని స్ట్రాటోస్ఫియర్‌లోకి పోతుంది. అక్కడ వానలుండవు కాబట్టి సన్నటి ధూళి ఏడాది, రెండేళ్ళు తిరుగుతూనే ఉండి, నెమ్మదిగా ఎక్కడంటే అక్కడ దిగుతుంది. 1961, 62లలో సోవియట్ యూనియన్, అమెరికా పోటీలు పడి పేల్చిన పెద్ద బాంబుల ధూళి 1963లో అత్యధికంగా నేలకు చేరడానికి కారణం ఈ ఆలస్యమే.

ప్రశ్న: 1954 నాటి ‘బ్రావో’ పరీక్షలో శాస్త్రవేత్తల లెక్క తప్పిందని చదివాను. ఏం తప్పింది? దీవుల్లో ఉన్నవాళ్ళు ఏమయ్యారు? – ఒక సైన్సు ఉపాధ్యాయురాలు, ఆదోని

అమ్మా, ఆ రోజు రెండు లెక్కలు తప్పాయి. ఒకటి భౌతికశాస్త్రానిది, రెండోది గాలిది.

1954 మార్చి 1న పసిఫిక్‌లోని బికినీ దీవుల్లో పేల్చిన ఆ బాంబు 6 మెగాటన్నులు ఇస్తుందని అంచనా. ఇచ్చింది 15, అంటే హిరోషిమా బాంబుకు వెయ్యి రెట్లు. అందులో వాడిన లిథియంలో రెండు ఐసోటోపులున్నాయి, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు. లిథియం-6 మాత్రమే పనిచేస్తుందని, లిథియం-7 ఊరికే పడి ఉంటుందని అనుకున్నారు. ఆ పేలుడులో పుట్టిన అతివేగపు న్యూట్రాన్ల దెబ్బకు లిథియం-7 కూడా ట్రిటియాన్ని, అంటే సంలీనానికి ఇంధనమయ్యే బరువైన హైడ్రోజన్‌ను, ఇచ్చింది. అంచనా దాటిన శక్తి దాని పర్యవసానం.

గాలి విషయంలో పొరపాటు అనడానికి మాకు మనసొప్పదు. పై ఎత్తుల్లో గాలి తూర్పుకు, జనం ఉన్న దీవుల వైపు తిరుగుతోందని ముందురోజు రాత్రే తెలుసు. అయినా ఆపలేదు. పైగా ఈ పేలుడు నేల మట్టానికే జరిగింది. అగ్నిగోళం నేలను తాకితే పగడపు దిబ్బ ఆవిరై, పొడై మేఘంలో కలుస్తుంది. రేడియోధార్మిక పదార్థాలు ఆ పొడికి అంటుకుని కొన్ని గంటల్లోనే దగ్గర్లో రాలతాయి. 1961 అక్టోబరు 30న సోవియట్ యూనియన్ ఆర్కిటిక్‌లోని నోవయా జెమ్ల్యా దీవుల మీద పేల్చిన బాంబు 50 మెగాటన్నులు, ఇప్పటిదాకా అన్నిటికంటే పెద్దది. అది 4 కిలోమీటర్ల ఎత్తులో పేలింది, అగ్నిగోళం నేలను తాకలేదు. శక్తిలో అత్యధిక భాగం సంలీనం నుంచే వచ్చింది. అందుకే దాని పరిమాణానికి చుట్టుపక్కల రాలిన ధూళి తక్కువ. బాంబు ఎంత పెద్దదన్నదాని కంటే ఎంత ఎత్తులో, ఎంత విచ్ఛిత్తితో పేలిందన్నదే పక్క ఊరివాళ్ళ ప్రాణాలను నిర్ణయిస్తుంది. మీ పిల్లలకు ఇది ముందు చెప్పండి.

బికినీకి తూర్పున నూటయాభై కిలోమీటర్లకు పైగా దూరంలో రోంగెలాప్ దీవి ఉంది. పేలిన కొన్ని గంటలకు అక్కడ తెల్లటి పొడి రాలడం మొదలైంది. అదేమిటో ఎవరూ చెప్పలేదు. పిల్లలు అందులో ఆడుకున్నారు. తాగే నీళ్ళ తొట్లలో పడింది, నూనె రాసుకున్న జుట్టుకు అంటుకుంది. సాయంత్రానికి వాంతులు, కళ్ళమంటలు, తర్వాత చర్మం కాలినట్టు పుండ్లు, జుట్టు ఊడిపోవడం. వాళ్ళను అక్కడినుంచి తరలించడానికి రెండు రోజులు పట్టింది. చిన్నప్పుడు ఆ పొడి సోకినవాళ్ళలో చాలామందికి తర్వాతి ఏళ్ళలో థైరాయిడ్ గడ్డలు వచ్చాయి. 1957లో ‘ఇక భయం లేద’ని వెనక్కి పంపారు. ఆ మాట మీద నమ్మకం పోయి 1985లో దీవివాసులే ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోయారు.

ఆ రోజే ప్రకటిత ప్రమాద హద్దుకు బయట చేపలు పడుతున్న జపాను పడవ ‘ఐదో నంబరు ఫుకుర్యూ మారు’ మీద కూడా ఆ పొడి రాలింది. 23 మంది జాలర్లూ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటర్ కుబొయామా ఐకిచి సెప్టెంబరు 23న చనిపోయాడు. బ్రావో పేలిన నెల తర్వాత, 1954 ఏప్రిల్ 2న, పరీక్షలు నిలిపేయాలని నెహ్రూ లోక్‌సభలో కోరారు.

ప్రశ్న: ఆ బాంబులు పేల్చినాకనే మన అనంతపురం జిల్లాకు వానలు పోయినాయని మా జేజినాయన చెప్పేవాడు. అందులో ఏమైనా నిజముందా? – ఒక వేరుశనగ రైతు, తాడిపత్రి

మీ జేజినాయన ఒక్కరే కాదు, 1950లలో లోకమంతా ఆ అనుమానం ఉండేది. కాబట్టి తీసిపారేయకుండా లెక్క వేసి చూద్దాం. పక్కన కాగితం పెట్టుకోండి.

ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే పది లక్షల లీటర్ల నీళ్ళు. మేఘంలో ఒక లీటరు నీటి ఆవిరి నీరుగా మారేటప్పుడు దాదాపు 25 లక్షల జౌళ్ళ వేడి వదులుతుంది. రెండూ గుణిస్తే 2.5 లక్షల కోట్ల జౌళ్ళు. ఒక కిలోటన్ను బాంబు శక్తి 4.2 లక్షల కోట్ల జౌళ్ళు. అంటే చదరపు కిలోమీటరుకు మిల్లీమీటరు వాన పడితే 0.6 కిలోటన్ను. విడగొట్టకముందు అనంతపురం జిల్లా విస్తీర్ణం సుమారు 19,000 చదరపు కిలోమీటర్లు. కాబట్టి జిల్లా అంతటా ఒక్క మిల్లీమీటరు చినుకు పడినా మేఘాలు దాదాపు 11 మెగాటన్నుల వేడి వదిలినట్టు. ప్రపంచంలో గాలిలో పేల్చిన బాంబులన్నీ కలిపి 440 మెగాటన్నులు. అది మీ జిల్లాకు నాలుగు సెంటీమీటర్ల వానతో సమానం. ఏడాదికి జిల్లాలో పడేది సగటున 55 సెంటీమీటర్లు. ముప్పైఅయిదేళ్ళ బాంబులు ఒక జిల్లా ఒక ఏడాది వానలో పద్నాలుగో వంతుకు రావు. రుతుపవనాన్ని మళ్ళించే బలం వాటికి లేదు.

మన కరువుకు కారణం పాతదే. నైరుతి మేఘాలు పడమటి కనుమల్లో కురిసేసి ఖాళీ అయి వస్తాయి. ఈశాన్యం తీరంలోనే చాలావరకు ఖర్చయిపోతుంది. రెండింటికీ మనం చివరి ఆయకట్టు. 1876లో మొదలైన ధాత కరువు నాటికి అణువు చీలుతుందనే తెలియదు.

అయితే వానకూ బాంబుకూ అసలు సంబంధం ఇంకోటుంది. బాంబు వానను ఆపలేదు గానీ, బాంబు ధూళిని నేలకు దించింది వానే. వాన ఎక్కువ పడిన చోట ధూళి ఎక్కువ దిగింది. మీ జిల్లాకు తక్కువ వాన, కాబట్టి తక్కువ ధూళి. కింది జవాబులో ఇది పనికొస్తుంది.

ప్రశ్న: మా అమ్మ 1962లో పుట్టింది. ఆ రోజుల్లో పాలలో కూడా బాంబు విషం కలిసిందని విన్నాను. ఇప్పుడు ఏదైనా పరీక్ష చేయించాలా? – ప్రొద్దుటూరు

అక్కర్లేదు. కారణం వివరంగా చెబుతాం, మనసు కుదుటపడుతుంది.

ధూళిలో ముఖ్యమైనవి మూడు. అయోడిన్-131 గడ్డి మీద పడి, ఆవు తిని, పాలలోకి వచ్చి, పిల్లల థైరాయిడ్‌లో చేరుతుంది. దీని అర్ధాయువు (ఉన్నది సగానికి తగ్గే కాలం) 8 రోజులు. 80 రోజులకు వెయ్యో వంతే మిగులుతుంది. పరీక్షలు జరిగిన చోట్ల దగ్గర్లో ఇదే పెద్ద ప్రమాదం, స్ట్రాటోస్ఫియర్ చుట్టి ఏడాదికి దిగే ధూళిలో ఇది ఉండనే ఉండదు. స్ట్రాన్షియం-90 అర్ధాయువు దాదాపు 29 ఏళ్ళు. శరీరం దీన్ని కాల్షియంగా పొరబడి ఎముకల్లో, పళ్ళలో దాస్తుంది. సీజియం-137 అర్ధాయువు 30 ఏళ్ళు. ఇది పొటాషియంలా కండరాల్లో తిరుగుతుంది. పెద్దల్లో సుమారు మూడు నెలలకొకసారి సగం చొప్పున బయటకు పోతుంది.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలో 1958 నుంచి పిల్లల ఊడిన పాలపళ్ళు సేకరించి పరీక్షించారు. తల్లులు కవరులో పెట్టి పంపిన పళ్ళు 1970 నాటికి సుమారు మూడు లక్షల ఇరవై వేలు. 1950 ప్రాంతంలో పుట్టిన పిల్లల కంటే 1963లో పుట్టినవాళ్ళ పళ్ళలో స్ట్రాన్షియం ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. గాలిలో పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందానికి ప్రజల ఒత్తిడిని కూడగట్టిన వాటిలో ఈ పాలపళ్ళ పని ఒకటి.

ధూళి ఎక్కువగా దిగింది ఉత్తరార్ధగోళంలో 40–50 డిగ్రీల అక్షాంశాల మధ్య. మనం 14–16 డిగ్రీల్లో ఉన్నాం. ఈ పట్టీలో చదరపు మీటరుకు దిగింది అక్కడి దానిలో మూడో వంతు పైచిలుకు. అందులోనూ మనది వాన తక్కువ సీమ. ప్రపంచ సగటు చూసినా, అత్యధికంగా ఉన్న 1963లో ఏడాదికి మనిషికి 0.15 మిల్లీసీవర్ట్ (శరీరానికి అందే రేడియేషన్ కొలత). 2000 నాటికి అది 0.005కు పడిపోయింది. నేల, రాళ్ళు, గాలి, అంతరిక్షం నుంచి సహజంగా అందేది 2.4. మీ అమ్మగారికి ఆ పేరు మీద స్కానులు చేయించడమే అనవసరపు రేడియేషన్.

ఒక్క మాట. ‘తక్కువ’ అంటే ‘ఏమీ కాదు’ అని మేము అనడం లేదు. కోట్ల మందికి అనుమతి అడగకుండా పంచిన మోతాదు అది. మీ అమ్మగారి విషయంలో దానికి వైద్యం అవసరం లేదన్నంతవరకే మా జవాబు.

ప్రశ్న: చెరువు పూడికలో 1963 నాటి పొరను గుర్తించి పూడిక వేగం కట్టవచ్చని మా సార్ చెప్పారు. మన ప్రాంతంలో ఎలా చేయాలి? – ఒక ఎమ్మెస్సీ భూగర్భశాస్త్ర విద్యార్థి, కర్నూలు

మంచి పని పెట్టుకున్నారు. సీజియం-137 ప్రకృతిలో లేదు, 1945కు ముందు మట్టిలో ఎక్కడా దొరకదు. 1954 ప్రాంతంలో గుర్తించదగినంత కనిపించడం మొదలై, 1963 దగ్గర శిఖరానికి వెళ్ళి దిగిపోతుంది. బంకమట్టి రేణువుల పొరల మధ్య ఇది బిగుసుకుపోతుంది కాబట్టి నీళ్ళతో కిందికి పెద్దగా జారదు. పూడికలో ఆ శిఖరం ఎంత లోతులో ఉందో దొరికితే అదే 1963 నేల.

చెరువు ఎంపికలోనే సగం పని అయిపోతుంది, సగం మంది ఓడిపోయేదీ అక్కడే. 1950కి ముందు కట్టిన చెరువై ఉండాలి. ఆ విషయంలో మనకు కొదవ లేదు, పోరుమామిళ్ళ చెరువు శాసనమే 1369 నాటిది. కానీ పూడిక తీయని చెరువు కావాలి. నీరు–చెట్టు పనుల్లోనో, పొలాలకు మట్టి తోలుకోవడంలోనో పై మీటరు పోయి ఉంటే మీరు వెతికే పొర ఎవరి చేనులోనో ఉంటుంది. కాబట్టి ముందు ఊళ్ళో ట్రాక్టర్ల వాళ్ళను, ఆయకట్టు పెద్దలను అడగండి. ఎక్కడ తవ్వారో, ఎక్కడ తవ్వలేదో వాళ్ళకు గజాల లెక్కన తెలుసు.

తవ్వే చోటు కట్టకు లోపలివైపు లోతట్టులో ఉండాలి. తూము దగ్గర వద్దు, నీటి ఒరవడికి పూడిక కోసుకుపోతుంది. అలుగు దగ్గరా వద్దు. వాగు చేరే మొగదల ఇసుక మేట ఉంటుంది, ఇసుక సీజియాన్ని పట్టుకోదు.

ఏప్రిల్, మే నెలల్లో చెరువు ఎండితే గొట్టం దింపడం కంటే గుంత తవ్వడం మేలు. మీటరున్నర లోతు గుంత తీసి, ఒక గోడను చదునుగా చెక్కి, *కింది నుంచి పైకి* 2 సెంటీమీటర్ల పొరలుగా కోయండి. పైనుంచి మొదలుపెడితే పై మట్టి రాలి కింది పొరల్లో కలుస్తుంది, శిఖరం చెదిరిపోతుంది. ఒక్కో పొరకు అర కిలో తడిమట్టి తీసి, లోతు రాసిన సంచిలో కట్టాలి. ప్రతి పొరకూ కత్తి తుడవాలి. నీళ్ళుంటే 10 సెంటీమీటర్ల వ్యాసం పీవీసీ గొట్టం దింపవచ్చు. అయితే లోపలి మట్టి నొక్కుకుపోయి పొట్టిదవుతుంది. గొట్టం లోపల, బయట మట్టి మట్టాల తేడా రాసుకుని లోతులను సరిచేయాలి.

ల్యాబులో 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఆరబెట్టి, దంచి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, తూచి, అన్ని నమూనాలనూ ఒకే కొలత డబ్బాలో ఒకే ఎత్తుకు నింపాలి. ఎత్తు మారితే డిటెక్టర్ సామర్థ్యం మారి పొరల మధ్య పోలిక చెడుతుంది. తర్వాత అతిశుద్ధ జెర్మేనియం డిటెక్టర్ మీద ఒక్కో నమూనాను ఒక పగలూ రాత్రీ లెక్కించాలి. సీజియం వదిలే గామా కిరణాల గీత 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (శక్తి కొలత) దగ్గర ఉంటుంది, చూడాల్సింది అదే.

మీ కళాశాలలో సోడియం అయోడైడ్ డిటెక్టర్ ఉంటే దానితో కానిచ్చేద్దామనుకోకండి. మనది గ్రానైటు నేల, యురేనియం, థోరియం సహజంగానే ఉంటాయి. బిస్మత్-214 గీత 609 దగ్గర వస్తుంది. సోడియం అయోడైడ్‌కు ఆ రెండు గీతలనూ విడదీసే చూపు లేదు, కొండ నీడలో గుట్టలాగా మీ సీజియం కలిసిపోతుంది. చేతిలో పట్టుకునే గైగర్ మీటరు అసలే వద్దు, అది అన్నిటినీ కలిపి ఒకే టిక్కు కొడుతుంది.

ఎంత దొరుకుతుందని ముందే అంచనా ఉండాలి. 1963 నుంచి 2023కు 60 ఏళ్ళు, అంటే రెండు అర్ధాయువులు. పడిన దానిలో నాలుగో వంతే మిగిలింది. పడిందే మన అక్షాంశంలో తక్కువ. కొన్ని పొరల్లో కిలోకు ఒకటి రెండు బెకరల్స్ (సెకనుకు క్షీణించే కేంద్రకాల లెక్క) కూడా రాకపోవచ్చు. అందుకే నమూనా బరువు, లెక్కించే సమయం తగ్గించకూడదు. 2 సెంటీమీటర్లకు సంకేతం చాలకపోతే పక్కపక్క పొరలు కలిపి 4 చేయండి. విడివిడిగా దాచినవాటిని కలపవచ్చు, కలిపి తెచ్చినవాటిని విడదీయలేరు.

నల్లరేగడి ఒక ప్రత్యేక చిక్కు. ఆదోని, ఆలూరు వైపు చెరువుల్లో ఎండాకాలం పూడిక నెర్రెలు విచ్చుతుంది. పై మట్టి ఆ నెర్రెల్లో మీటరు లోతుకు రాలిపోతుంది. అక్కడ సీజియం శిఖరం ఉండదు, పై నుంచి కింది దాకా ఒకేలా పరుచుకుని ఉంటుంది. అలాంటి ఫలితం వస్తే దాన్నుంచి తేదీ లాగకండి. ఎప్పుడూ పూర్తిగా ఎండని భాగం వెతుక్కోండి, లేదా ఎర్రనేల చెరువుకు మారండి. ఇంకో చిక్కు, ఎగువ పొలాల నుంచి కోసుకొచ్చిన మట్టిలోనూ సీజియం ఉంటుంది కాబట్టి 1963 తర్వాతి పొరలు సున్నాకు రావు. శిఖరం ఎగువవైపు తోకలా సాగుతుంది. యూరప్ చెరువుల్లో 1986 చెర్నోబిల్‌ది రెండో శిఖరం వస్తుంది. మన దగ్గర దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అన్నీ కుదిరి శిఖరం 84 సెంటీమీటర్ల దగ్గర వచ్చిందనుకోండి. 2023లో తీసిన గుంతయితే 84ను 60తో భాగించండి. ఏడాదికి 1.4 సెంటీమీటర్లు. పొర మందం 2 సెంటీమీటర్లు కాబట్టి శిఖరం లోతులో సెంటీమీటరు అటూ ఇటూ ఉంటుందని కూడా రాయండి. ఒక్క గుంతతో చెరువు మొత్తానికి తీర్పు చెప్పకండి, కనీసం మూడు చోట్ల తీయండి.

ప్రశ్న: మన దేశం గాలిలో పరీక్ష చేసిందా? – కడప

లేదు. 1974 మే 18న, 1998 మే 11, 13 తేదీల్లో పోఖరాన్‌లో జరిగినవన్నీ భూగర్భంలోనివే. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధించిన ఒప్పందం మీద 1963 ఆగస్టు 5న మాస్కోలో మూడు దేశాలు సంతకం చేస్తే, మూడు రోజులకే భారత్ చేసింది. ఫ్రాన్స్, చైనా చేయలేదు. ఫ్రాన్స్ 1974 దాకా పసిఫిక్‌లో, చైనా 1980 అక్టోబరు 16 దాకా లోప్‌నూర్‌లో గాలిలో పేల్చాయి.

ప్రశ్న: మా తుమ్మలపల్లె యురేనియం వల్ల మా బోరు నీళ్ళలో కూడా ఈ సీజియం ఉంటుందా? ఏ పరీక్ష చేయించాలి? – పులివెందుల

సీజియం పరీక్షకు డబ్బు పెట్టకండి. యురేనియం చీలినప్పుడే సీజియం పుడుతుంది. గనిలోని ముడిరాయిలో యురేనియం చీలడం లేదు, సహజంగా క్షీణించి రేడియం, రాడాన్‌లుగా మారుతోంది. తుమ్మలపల్లె రాయి సున్నపు జాతి డోలమైట్, యురేనియం శాతం చాలా తక్కువ. దాన్ని ఆమ్లంతో కాకుండా క్షారంతో కరిగించి తీస్తారు. అందువల్ల మీరు అడగవలసినవి వేరు: నీటిలో యురేనియం ఎంత, సోడియం ఎంత, మొత్తం లవణాలు ఎంత.

తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు, మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. యురేనియం నీటిలో ఉంటే ముందు దెబ్బతినేది మూత్రపిండాలు, అదీ దాని రసాయన గుణం వల్ల. గైగర్ మీటరు బోరు దగ్గర పెట్టి చూసినందువల్ల ఇది తెలియదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి, బోరు పది నిమిషాలు ఆడించిన తర్వాత లీటరు నింపి, తేదీ, బోరు లోతు రాసి, యురేనియం కొలిచే ఫ్లోరిమీటరు గానీ ఐసీపీ–ఎంఎస్ యంత్రం గానీ ఉన్న ల్యాబుకు పంపండి. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేయించండి, ఎందుకంటే నీటిమట్టం మారితే అంకె మారుతుంది. హద్దు దాటితే నీళ్ళు కాచడం వల్ల ప్రయోజనం లేదు, నీరు ఆవిరై యురేనియం ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు దాన్ని తొలగిస్తుంది. ఫిల్టరు నుంచి వదిలే నీళ్ళలో అది చేరుతుంది కాబట్టి ఆ నీళ్ళు పశువుల తొట్టికి పెట్టకండి.